భుజం నొప్పి

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ నోట్‌బుక్ మిలటరీ హిస్టరీ క్లాసు కోసం ఇచ్చారు. రెండు పేజీలు రాసి వదిలేశాను. మిగతాదంతా ఖాళీ. తెలుగులో రాసుకుంటే ఈ చెన్నై ఆఫీసర్ల అకాడమీలో ఎవరికీ అర్థం కాదు, ఒక్క తన్మయికి తప్ప. పక్క మంచం తనదే. విజయనగరం పిల్ల, వాళ్ళ నాన్నగారు వయొలిన్ మాస్టారు, ఇంకొకళ్ళ పుస్తకం తెరవడం మహాపాపం అనుకునే ఇల్లు. అంచేత భయం లేదు.

నిన్న తాడు టెస్టు రెండోసారి పోయింది. మూడు వంతులు ఎక్కాను. పైన దూలం ఇంకో రెండు బారల దూరంలో ఉంది. అక్కడ చేతులు వదిలేశాయి. నేను వదల్లేదు, చేతులే వదిలేశాయి. ఇసకలో పడి లేచేసరికి పీటీ నేర్పే ఉస్తాద్ గడియారం చూసుకుంటున్నాడు. ఏమైందని హిందీలో అడిగాడు. భుజం నొప్పి, ఉస్తాద్ అన్నాను. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది.

ఇంకొక్క అవకాశం ఉంది, మే నెలలో. అదీ పోతే రెలిగేట్ చేస్తారు. అంటే మా బ్యాచ్ వాళ్ళందరూ సెప్టెంబర్లో భుజాల మీద నక్షత్రాలు పెట్టుకుని వెళ్ళిపోతారు, నేను ఆరు నెలలు వెనక్కి జరిగి, వెనకొచ్చే బ్యాచ్‌లో కలవాలి. అక్కడా పోతే పెట్టె సర్దుకుని ఇంటికే.

ఆదివారం గంటసేపు ఫోన్లు చేతికిస్తారు. ముందు బావకి చేశాను. తన పటాలం ఉన్న జమ్ములో ఇంకా చలిగానే ఉందట.

"ఏటే, ఎక్కినావా?" హలో లేదు, ఏం లేదు.

"లేదు. భుజం నొప్పి."

 "ఏ భుజం?" అన్నాడు.

"కుడిది."

ఉస్తాద్‌కి ఎడమది చెప్పినట్టు గుర్తు.

ఫిబ్రవరి 12

భుజం నొప్పి. ఎడమది.

ఫిబ్రవరి 20

మెడికల్ రూమ్‌కి పంపించారు. డాక్టరు మేజర్ గారు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశాడు, ఎక్స్‌రే తీయించాడు, ఎముకా బాగుంది, కండా బాగుంది అన్నాడు. రెండు మాత్రలిచ్చి పంపేశాడు. నా భుజం సంగతి ఆయనకేం తెలుస్తుంది?

సాయంత్రం బూట్లు పాలిష్ చేస్తూ తన్మయి అడిగింది: "మొన్న ఇరవై కిలోమీటర్లు అంత బరువు వీపు మీద మోశావు కదా భవానీ, అప్పుడు లేదా నొప్పి?"

నాకు నిద్రొస్తోందన్నాను. నిజంగానే వస్తోంది. ఇక్కడ ఎప్పుడూ నిద్రే వస్తుంది. క్లాసులో, పరేడ్‌లో, అన్నం ముందు కూర్చున్నప్పుడు. నిన్న నిలబడే కునుకు తీశాను, దానికి రగడా పడింది. ఎర్రటి ఎండలో గ్రౌండంతా మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి రావడం. మోకాలి చిప్పలు రెండూ చీరుకుపోయాయి. వాటి గురించి మాత్రం ఒక్కడూ అడగడు.

మార్చి 2, ఆదివారం

నిన్న మర్యాదల మీద క్లాసు. ఆఫీసర్స్ మెస్‌లో ఎలా కూర్చోవాలి, సూపు ఎలా తాగాలి, సీనియర్ భార్యని ఏమని పిలవాలి. తర్వాత జవాన్ల గురించి చెప్పారు. మీ జవాన్ని కన్నబిడ్డలా చూసుకోండి, వాడు తిన్నాకే మీరు తినండి, కానీ మధ్యలో గీత ఒకటి ఉంటుంది, ఆ గీత చెరపకండి. వెనక బెంచీలోంచి ఎవరో పిల్ల లేచి, "సర్, మొగుడే జవానైతే?" అంది. క్లాసంతా గొల్లుమంది. చెప్పే ఆయన కూడా నవ్వేశాడు. నేనూ నవ్వాను.

తెలిసిందే మళ్ళీ రాయాలనిపిస్తోంది. ఒంట్లో ఓపిక లేనప్పుడు అలవాటైన దారే బాగుంటుంది.

ధర్మేంద్ర బావ మా లక్ష్మణమ్మత్త కొడుకు. నేను పుట్టిన పదకొండో రోజున అత్త నన్ను ఒళ్ళో వేసుకుని, "ఇది నా కోడలు, ఇంకెవులూ అడగొద్దు" అందట. అప్పట్నుంచి ఊళ్ళో దీని మీద రెండో మాట లేదు. నాకూ లేదు. బావ పద్దెనిమిదేళ్ళకే సిపాయిగా చేరాడు. ఇప్పుడు నాయక్. రెండు చారలు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా సెలవుకొచ్చి, ఎన్‌సీసీ బట్టల్లో నన్ను చూసి, "ఒసే, నువ్వు నాలాగ సిపాయివి అవ్వకు. ఆఫీసరువి అయిపో" అన్నాడు. ఆ మరునాడు తెల్లవారకుండా కాలవ గట్టు మీదికి లాక్కెళ్ళాడు. వచ్చిన ప్రతి సెలవులోనూ అంతే. పరుగు, దండీలు, మళ్ళీ పరుగు. మొదలెట్టే ముందు నేను తనకి సెల్యూట్ కొట్టాలి. "ఉస్తాద్‌కి సెల్యూట్ ఏదే?" అనేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద జనరల్‌లాగా. మోచెయ్యి భుజానికి సమంగా రాకపోతే మళ్ళీ కొట్టించేవాడు. ఎన్ని వందలసార్లు కొట్టానో లెక్కలేదు. ఇక్కడ డ్రిల్ పరీక్షలో నా సెల్యూట్ చూసి ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. కాలవ గట్టు మీద అని చెప్పలేదు.

నేను ఆఫీసరైతే తర్వాత ఏమిటన్నది అప్పుడు తను ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. పొద్దున్నే గాలి చల్లగా ఉండేది, అంతే.

మార్చి 3

అందరికంటే నేనే గట్టిగా నవ్వాను.

ఏప్రిల్ 7

సెలవు. మూడు వారాలు. నిన్న పొందూరు స్టేషన్లో దిగేసరికి బావ బండి మీద కాలు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. తనకీ ఇప్పుడే సెలవు. కావాలనే కలిసొచ్చేలా పెట్టుకున్నాడు.

నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. "ఓలమ్మా, కాకిలాగైపోనావేటే! జుట్టేదీ?"

"కత్తిరించారు."

"ఉన్న అందం కాస్తా పోనాది."

బండి మీద ఇంటికి వెళ్ళేదాకా ఒక్క ముక్క తాడు గురించి అడగలేదు. ఇంటికెళ్ళి పడుకున్నాను. లేచేసరికి ఈవేళ మధ్యాహ్నం.

ఏప్రిల్ 8

చోడంబలి తాగడం, పడుకోవడం. అమ్మ మూడుసార్లు నుదురు పట్టుకు చూసింది. జ్వరం కాదమ్మా, అలసట అంటే నమ్మదు.

నాయనమ్మ అరుగు మీద రాట్నం ముందు ఉంది. ముందు వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతుంది, ఆ సన్నటి పళ్ళ మధ్య ఒక్క నలుసు మిగలదు. తర్వాత ఏకులు చేస్తుంది, తర్వాత వడుకుతుంది. మా నాయనమ్మ జగ్గమ్మ నూలంటే ఖాదీ వాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకుంటారు. ఇప్పుడు వడికేది వాళ్ళకి కాదు.

"ఎవులికే ఇదీ?" అన్నాను తెలిసే.

"ఇంకెవులికి, మా దర్మాగాడి పెళ్ళి పంచికి. ఏడాదైంది మొదలెట్టి. నా కళ్ళు పోయేలోగా అయిపోవాల. ఓలే, నువ్వా పరీచ్చలేవో బేగీ అవగొట్టీ."

సాయంత్రం లక్ష్మణమ్మత్త వచ్చింది. సెప్టెంబర్లో చదువు అయిపోతుంది కదా, కార్తీకంలో పెట్టేసుకుందాం అంది నాన్నతో. నాన్న సరే అన్నాడు. నేను లోపల మంచం మీద పడుకుని అన్నీ విన్నాను. లేచి బయటికి వెళ్ళే ఓపిక లేకపోయింది.

ఏప్రిల్ 9

మధ్యాహ్నం భోజనానికి బావ వచ్చాడు. నాన్నా తనూ ఒక వరసలో కూర్చున్నారు. నాన్న మంచి హుషారు మీద ఉన్నాడు. ఊళ్ళో జగన్నాధం అని పిలవడం మానేసి ఆఫీసరమ్మ తండ్రి అంటున్నారట.

"నాకు తెల్వకడుగుతాను దర్మా," అన్నాడు, "పెళ్ళైనాక మీ ఇద్దరికీ ఒకే కోటరిస్తారా, లేపోతే ఎవుల కోటరు ఆలదేనా? ఇద్దరూ ఒకే పటాలం కదా, ఒకటి సరిపోద్దనీసి అంటారేమో?"

బావ అన్నం కలుపుతూ ఉండిపోయాడు. కలిపిందే మళ్ళీ కలిపాడు. నేను మజ్జిగ తేవడానికి లేచాను. మజ్జిగ అక్కడే ఉంది.

ఏప్రిల్ 11

పొద్దున్న నాలుగున్నరకి బావ తలుపు కొట్టాడు. "ఒసే, లెగు. గట్టు మీదికెల్దాం."

గట్టు మీద నిలబడగానే అలవాటు కొద్దీ సెల్యూట్ కొట్టాను. తను చూడలేదు. వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలెట్టాడు. కట్టిందే విప్పి మళ్ళీ కట్టాడు. నా చెయ్యి అలాగే గాల్లో ఉంది.

"ఇకమీదట నాకు కొట్టకు," అన్నాడు నేలని చూస్తూ.

"ఏం?"

"ఏం లేదు. లగెత్తు."

ఐదు కిలోమీటర్లు పరుగెత్తి మా జీడితోట చివర ఆగాం. అక్కడ చింతచెట్టు కొమ్మకి తాడు కట్టి ఉంది. రాత్రే వచ్చి కట్టాడట. తోట కాసే చినబాబు నిచ్చెన ఇచ్చాడట.

"భుజం నొప్పి అన్నాను కదా," అన్నాను.

"సరే. ఎంతవరకు వస్తే అంతే. నొప్పెడితే దిగిపో."

పట్టుకున్నాను. కాళ్ళు మెలేశాను. ఎక్కాను. కింద నుంచి "ఒగ్గీకు... ఒగ్గీకు..." అంటున్నాడు, ఎప్పటిలాగే. వదలకు అని. ఆ గొంతు వింటూ ఎక్కుతూ ఉంటే కొమ్మ చేతికి తగిలింది. పైన చీమలున్నాయి. దులుపుకుని దిగిపోయాను. ఆయాసం కూడా రాలేదు.

అప్పుడు చూశాను తన మొహం. సంతోషం లేదు.

"అక్కడిది దీనికన్నా పొడుగేటి?"

"...కొంచెం."

"కొంచెం." తాడు విప్పి చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. 

ఏప్రిల్ 12

ఆ తాడు పొట్టిది. పైగా కొబ్బరి పీచు తాడు, జారదు. అందుకే.

ఏప్రిల్ 15

అన్నీ రాయాలి. చెయ్యి రావడం లేదు గానీ రాయాలి.

అత్త నరసన్నపేటలో బట్టల షాపుకి చీరలు చెప్పిందట, మమ్మల్నిద్దర్నీ వెళ్ళి తెమ్మంది. దార్లో హైవే పక్క హోటల్లో ఆగాం. బావ నాకు ఇడ్లీ చెప్పాడు, తనకి టీ చెప్పుకున్నాడు.

"కొత్తలో నాకు మెస్సు డ్యూటీ ఏసినారు," అన్నాడు ఉన్నట్టుండి. "తెల్ల చేతి తొడుగులు, నెత్తి మీద పాగా. ట్రే పట్టుకుని నిలబడాల. ఆఫీసర్లూ ఆళ్ళ ఆడోలూ కూకుంటారు. ఆళ్ళు నవ్వితే మనం నవ్వకూడదు. ఆళ్ళేటి మాటాడుకున్నా మనకినపడకూడదు. ఆర్నెల్లు సేసినాను."

"ఎప్పుడూ చెప్పలేదే."

"సెప్పుకోడానికేటుంది. ఇప్పుడు సెప్తన్నాను. రేపు నువ్వక్కడ కూకుంటావు. నేనెక్కడ కూకోవాల?"

 రూలు పుస్తకంలో ఏముందో చూద్దాం, ఎవరినైనా అడుగుదాం అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"రూలు ఉన్నాదో లేదో నాకూ తెల్దు. ఉన్నా లేపోయినా, నీ కల్నల్ ఇంటికి విందుకి పిలిస్తే నువ్వు ముందు గుమ్మంలోంచి ఎల్తావు. నాకు ఆ గుమ్మం లేదే."

"నీకు పెన్షన్ వచ్చాక చేసుకుందాం. నేను ఆగుతాను."

"నువ్వాగుతావు. మాయమ్మ ఆగుద్దా? ఆర్నెల్లు ఆగమంటేనే మొకం మాడ్సుకుంటాది. అప్పుడైనా నేనెవుల్ని? రిటైరైన నాయక్‌నే కదా."

అప్పుడు అనేశాను. "అయితే నేనే మానేస్తాను. మే నెలలో తాడు వదిలేస్తే వెనక్కి పంపిస్తారు. ఇంకోసారి వదిలేస్తే ఇంటికే పంపేస్తారు. ఎవరూ ఏమనరు. భుజం నొప్పి అంటాను."

నా నోటితో నేనే అన్నాను. మూడు నెలలుగా నాకు నేను కూడా చెప్పుకోనిది ఇడ్లీ ప్లేటు ముందు అనేశాను.

బావకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. గొంతు పెంచలేదు. టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"అందుకేటే ఒగ్గీసినావు? రెండుసార్లూ?"

"తెలియదు. అవును."

"సిగ్గులేదూ! నువ్వు సెలక్టైనావని మా సెక్షన్‌లో అందరికీ మిఠాయి పంచినాను. నా మరదలు ఆఫీసరని మా సుబేదార్ సాబ్ దాకా ఎల్లి సెప్పుకున్నాను. ఆయన నా భుజం తట్టినాడు. నాకోసమని నువ్వు కింద పడితే ఆ మొకం ఏం సేసుకోవాల నేను?"

"మరి నేను నీకొద్దా?"

పక్క బల్ల దగ్గర లారీ డ్రైవర్లు చూస్తున్నారు. చూస్తే చూడనీ.

"ఒద్దని ఎవులన్నారు?" ఇడ్లీ ప్లేటు నావైపు జరిపాడు. "ఒల్లకపోతే ఇంత ఏడుపేల నాకు?" కాసేపటికి, "ఒసే, ఇను. తాడు ఒగ్గీకు. నన్ను ఒగ్గీ," అన్నాడు.

ఇడ్లీ ఎవరం తినలేదు. చీరలు తెచ్చి అత్తకిచ్చాం. ఒకటి పసుపు, ఎర్రంచు. నాకు బాగుంటుందట.

ఏప్రిల్ 16

ఏమీ లేదు. పడుకున్నాను.

ఏప్రిల్ 18

పొద్దున్నే అత్త జుట్టు కూడా ముడేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. బావ రాత్రి ఇంట్లో చెప్పేశాడట, ఈ పెళ్ళి నేనొల్లనని. కారణం అడిగితే చెప్పలేదట. ఒల్లనంటే ఒల్లను.

"నా కడుపున సెడబుట్టినాడమ్మా! నీలాంటి పిల్లని పట్టుకుని ఒల్లనంతాడా? పటాలంలో ఏదో దాన్ని మరిగినాడు, నాకు తెల్దేటి!" అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాన్న అరుగు దిగి, "ఆడు నా గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతాను" అన్నాడు.

నేనేమన్నాను? ఏమీ అనలేదు. అత్త వీపు నిమురుతూ కూర్చున్నాను.

ఎవడు చెయ్యమన్నాడు తనని ఇలాగ? నేను అడిగానా? తనే ఎక్కమన్నాడు, తనే వద్దన్నాడు, ఇప్పుడు తప్పు కూడా తనే మీదేసుకుని గొప్పవాడైపోతాడు. నేను మాత్రం నోట్లో నాలుక లేనట్టు కూర్చోవాలి. ఒళ్ళు మండిపోతోంది. ఈ కోపంలో కూడా నిద్ర వస్తోంది చూడు, అదీ నా బతుకు.

నాయనమ్మ ఒక్కతే రాట్నం ఆపలేదు. అందరూ వెళ్ళాక అడిగింది: "ఓలే, పంచి ఎవులికే ఇప్పుడు?"

ఏప్రిల్ 20

చెప్పేశాను. నాన్నని వెంటబెట్టుకుని అత్త ఇంటికెళ్ళి అందరి ముందూ చెప్పేశాను. బావ తప్పేమీ లేదు, వేరే ఎవరూ లేరు, నేను ఆఫీసరైతే తను నాకు సెల్యూట్ కొట్టాలి, మేమిద్దరం ఒక బల్ల దగ్గర కూర్చోవడానికి లేదు, అదీ సంగతి అన్నాను. బావ గుమ్మంలో నిలబడి, "ఎవులు సెప్పమన్నారే నిన్ను?" అన్నాడు. నిన్నెవరు దాచమన్నారు అన్నాను. మొన్నట్నుంచి నాకు కాస్త హాయిగా ఉన్నది ఆ ఒక్క నిమిషమే.

అత్తకి అర్థం కాలేదు. "మేనరికానికి మద్దిన పటాలమేటే?" అంటుంది. నాన్న బావ వైపు తిరిగాడు. "ఇద్దరూ ఒకే సర్కారు కింద కదేట్రా దర్మా? మీ సర్కారోడికి ఒక కాగితం పెట్టుకుంటే ఒప్పుకోడా?"

"కాగితం పని కాదు మావా," అన్నాడు బావ.

నాన్న తలపాగా విప్పి మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దార్లో అడిగాను, నన్నేం చెయ్యమంటావు నాన్నా అని.

"నానేటీ అనను. మానీమంటే రేపు నువ్వు నన్నే తిడతావు. ఎల్లమంటే మా లచ్చుమమ్మ తిడతాది. నువ్వే తేల్సుకో తల్లీ."

నడుస్తూ నడుస్తూ ఆగి, "ఆఫీసరమ్మ తండ్రి అనీసి ఊరికే మురిసిపోనాను," అన్నాడు.

ఏప్రిల్ 26

రైలు. బావ స్టేషన్‌కి రాలేదు. రావద్దని నేనే చెప్పాను. వస్తాడనుకున్నాను.

మే 14

ఎక్కాను.

పొద్దున ఏడున్నరకి నా వంతు. వీపు మీద బరువు, చేతిలో చెమట, ఉస్తాద్ ఈల. మూడు వంతుల దగ్గరికి వెళ్ళేసరికి చేతులు ఎప్పటిలాగే వదిలేయడానికి తయారయ్యాయి. అక్కడే ఆగాను. ఎంతసేపో తెలియదు. కింద తన్మయి నా పేరు పెట్టి అరుస్తోంది, ఉస్తాద్ హిందీలో ఏదో అంటున్నాడు. ఇప్పుడు వదిలితే ఇసకలో పడతాను, ఇంకోసారి పడితే ఇంటికెళ్తాను, పసుపు చీర కట్టుకుంటాను. అంతా ఎంత సులువో అనిపించింది. అయినా నేను తాడు వదిలినా బావ నన్ను చేసుకోడు. ఆ సంగతి నాకు నరసన్నపేటలోనే తెలుసు. పైకి చెయ్యి వేశాను. ఇంకోటి వేశాను. దూలం చల్లగా ఉంది.

దిగాక ఉస్తాద్ శభాష్ అన్నాడు. బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. సంతోషంతో ఏడ్చానని తన్మయితో చెప్పాను. తను నమ్మలేదు, నా బూట్లు తనే పాలిష్ చేసింది.

మే 18, ఆదివారం

"ఎక్కాను బావా."

"ఊఁ. భుజం?"

"భుజానికేం లేదు. మొదట్నుంచీ ఏం లేదు."

"నాకు తెల్సులే," అన్నాడు.  వెనక వాళ్ళ బ్యారక్‌లో ఎవరో ఈల వేశారు. డ్యూటీ ఉందని పెట్టేశాడు.

జూన్ 22

ఈ ఆదివారం ఫోన్ చెయ్యలేదు. తనూ చెయ్యలేదు. ఆ గంటా పడుకున్నాను.

జూలై 13

నలభై కిలోమీటర్ల నడక. పాదాలకి బొబ్బలు. సూదీ దారంతో గుచ్చి, దారం అందులోనే వదిలేసి పడుకున్నాం అందరం. ఏమీ ఆలోచించకుండా నిద్రపోయే రోజులు ఇవే మంచివి.

ఆగస్టు 10

అమ్మ ఫోన్లో చెప్పింది. ఎక్కడో మొదలెట్టి, వానలు, గేదె, నాయనమ్మ కళ్ళు అన్నీ అయ్యాక చివర్లో చెప్పింది. నెల్లిమర్ల సంబంధమట. పిల్ల పేరు రేఖ. తండ్రి జూట్ మిల్లులో చేసేవాడట. ఇంటర్ చదివిందట. అత్తకి నచ్చిందట.

"బావ ఏమన్నాడు?" అన్నాను.

"మీ ఇష్టం అన్నాడంట."

మంచిదే కదమ్మా అన్నాను. అమ్మ అవతల ముక్కు చీదింది.

ఆగస్టు 11

రేఖ. బాగుంటుందట.

ఆగస్టు 24, ఆదివారం

నాన్నకి చెన్నై రావడం భయం. భాష రాదు, రైలు మారడం రాదు, అంత పెద్ద పరేడ్‌లో ఎక్కడ కూర్చోవాలో తెలియదు. "దర్మా తీసుకొస్తానన్నాడు" అని నాన్న ఫోన్లో చెప్పాడు, తప్పు చేసినవాడిలాగా. బావ నాలుగు రోజులు సెలవు పెట్టుకున్నాడట.

"రమ్మను," అన్నాను. "కాళ్ళు విరగ్గొడతానన్నావు కదా?"

"ఆడు లేపోతే నాను చెన్నపట్నం ఎలగొస్తానే?"

సెప్టెంబర్ 6

అయిపోయింది. ఆఫీసర్ని.

నిలబడే రాస్తున్నాను, కూర్చుంటే నిద్రపోతాను. బ్యాండు, ఎండ, అడుగులు, ఒక కేడెట్ కళ్ళు తిరిగి పడిపోవడం, ఇవేవీ రాయను. పరేడయ్యాక ఇంట్లోవాళ్ళని గ్రౌండ్‌లోకి వదిలారు. భుజాల మీద నక్షత్రాలు ఇంట్లోవాళ్ళే పెట్టాలి, అది ఇక్కడి ఆచారం. గుంపులో దూరాన్నుంచే నాన్నని గుర్తు పట్టాను, కొత్త పంచె కట్టుకున్నాడు. దగ్గరికొచ్చాక చూశాను. అంత సన్నటి నూలు మా నాయనమ్మది తప్ప ఇంకెవరిదీ కాదు.

"అమ్మ కట్టుకోమన్నాది," అన్నాడు. "ఊరికే పెట్టిలో ఉంచడమేలనీసి."

మా అమ్మ ఎడమ భుజం మీద నక్షత్రం పెట్టింది, తలలో పిన్ను పెట్టినంత జాగ్రత్తగా, పెదవి కొరుక్కుంటూ. నాన్న చేతిలోంచి నక్షత్రం జారి గడ్డిలో పడిపోయింది. వెనక నిలబడ్డ బావ వంగి తీసి, తుడిచి, నాన్న చేతికిచ్చాడు. తను పెట్టలేదు. ఎలా పెట్టాలో చూపించి వెనక్కి జరిగాడు. రెండు చేతుల్లో అమ్మ సంచీ, మంచినీళ్ళ సీసా, నాన్న చెప్పుల కవరు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కొంచెం చిక్కాడు.

నాన్న పక్కకి తప్పుకున్నాడు. ఎదురుగా బావ.

నేనేం అనుకోలేదు. అనుకునేలోపే నా కుడిచెయ్యి లేచిపోయింది. మోచెయ్యి భుజానికి సమంగా, వేళ్ళు టోపీ అంచు దగ్గర. కాలవ గట్టు మీద కొట్టినట్టే. మా మేజర్ సాబ్ పది అడుగుల దూరంలో ఉన్నాడు, నా బ్యాచ్ అంతా చుట్టూ ఉంది, వాళ్ళందరి ముందు కొత్త ఆఫీసర్ని ఒక నాయక్‌కి నేనే ముందు సెల్యూట్ కొట్టాను.

బావ పెదవులు కదల్లేదు. మాట మాత్రం నాకు వినపడింది.

"ఒసే, సెయ్యి దించే. ముందు నేను."

దించాను.

సంచీ, సీసా, చెప్పుల కవరు అన్నీ ఒద్దికగా గడ్డిలో పెట్టాడు. మడమలు కలిపాడు. టోపీ లేదు గనక చెయ్యి ఎత్తకూడదు, రెండు చేతులూ తొడలకి ఆనించి నిటారుగా నిలబడ్డాడు. నా కళ్ళలోకి కాదు, నా తల పైన ఎక్కడికో చూశాడు. అలా చూడాలని నాకూ నేర్పాడు.

"జైహింద్, మేడమ్."

గొంతు గట్టిగా, నలుగురికీ వినపడేలా. మేజర్ సాబ్ ఇటు తిరిగి చూసి తల ఊపాడు.

"జైహింద్," అన్నాను. ఇప్పుడు చెయ్యి ఎత్తాను. ఈరోజు తనకి రెండోసారి, ఆఫీసర్‌గా బదులు ఇవ్వడం మొదటిసారి. బావా అనబోయి ఆపుకున్నాను.

నాన్న మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అదేట్రా దర్మా, మనలో మనకి జైహిందులేటి?"

"ఇకమీదట ఇంతే మావా," అని బావ వంగి చెప్పుల కవరు తీసుకున్నాడు.

మధ్యాహ్నం అమ్మావాళ్ళకి మెస్‌లో భోజనం. బావ లోపలికి రాలేదు. గేటు బయట టీ కొట్టు దగ్గర ఉంటానన్నాడు. బల్ల మీద నాలుగు ప్లేట్లు పెట్టారు. ఒకటి తీసేయమని చెప్పాను. తెల్ల చేతి తొడుగుల కుర్రాడు వచ్చి తీసుకెళ్ళాడు. వాడి మొహం చూడలేకపోయాను.

సాయంత్రం రైలెక్కించడానికి వెళ్ళాను, యూనిఫామ్‌లోనే. బావ పెట్టెలన్నీ సర్ది, అమ్మకి కిటికీ పక్కన చోటు చూసి, తలుపు దగ్గర నిలబడ్డాడు. రైలు కదిలాక కూడా నన్ను పిలుస్తాడని చూశాను. ఏటే అంటాడని, కాకిలాగున్నావనైనా అంటాడని. మడమలు కలిపి నిలబడే ఉన్నాడు, కనిపించినంతసేపూ.

సెప్టెంబర్ 7

భుజం నొప్పి. రెండూ.